చూశాను, వస్తువులేమీ లేవు

మే 2, శుక్రవారం

నాలుగు నిమిషాలు!

మా పార్కు మేనేజర్ గజేందర్ సార్ ఆఫీసు బయట తెల్లబోర్డు మీద స్వయంగా తన చేత్తో రాశాడు: కొలంబస్, సింధూజ, 4 నిమిషాలు. నా పేరు కింద నాతో పనిచేసే నవీన్ పేరు, పక్కన 11. మంచినీళ్ళ వంకతో ఆ బోర్డు ముందు నుంచి మూడుసార్లు వెళ్ళాను. దాహం వేసిందా అంటే, వేయలేదు.

ఇంట్లో చెప్పుకునే రికార్డు కాదులే ఇది. ఉద్యోగం ఏంటని అమ్మ అడిగితే "రైడ్ ఆపరేషన్స్" అని చెప్పాను. కొలంబస్ అనే ఊగే పడవలో జనం కక్కింది ఎత్తిపోసి, కడిగి, మళ్ళీ పడవ ఊపడమే నా పని అని డిగ్రీ చదివించిన తల్లికి ఎట్లా చెప్తాం? పార్కులో కూడా ఆ మాట అనకూడదు. వాకీటాకీలో "వాంతి" అని వినబడితే లైన్లో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగిపోతారు. అందుకని "పువ్వులు" అంటాం. "కొలంబస్‌ల పువ్వులు వడ్డయ్, ఎనుక వరుస." అంతే, నేను పార తీసుకుని పరుగు.

గోడకి అంటించిన కాగితంలో వరసగా రాసి ఉంది. పడవ ఆపాలి. జనాన్ని పువ్వులు పడని వైపు నుంచి దింపాలి. టార్చి వేసి, పుల్లతో కదిపి, ఎవరివైనా వస్తువులు పడ్డాయేమో చూడాలి. ఆ తర్వాతే రంపపు పొట్టు చల్లి, పారతో సంచిలోకి ఎత్తి, ఫినాయిల్‌తో కడగాలి. చివరికి పుస్తకంలో "చూశాను, వస్తువులేమీ లేవు" అని రాసి సంతకం పెట్టాలి. చెత్త ఎత్తే దుర్గవ్వ వచ్చి సంచి మూతి కట్టి, నేను రాసిచ్చిన అట్టముక్క దానికి తగిలించి మోసుకుపోతుంది. తేదీ, శుభ్రం చేయడానికి పట్టిన నిమిషాలు, నా పేరు, అన్నీ అట్ట మీద ఉంటాయి.

నవీన్ ఆ పుల్ల పట్టుకుని కూర్చున్నాడంటే ఇక లేవడు. "ఏంది నవీన్, జాతకం జూస్తున్నవా?" అని అడిగాను మొన్న.

"పోయిన నెల ఉంగరం దొరికింది గద" అన్నాడు తలెత్తకుండా.

ఒక్క ఉంగరం దొరికిందని ఎంత బడాయో! వచ్చే వారం రైడ్ ఇన్‌ఛార్జిని ప్రకటిస్తారట. నీలం టోపీ ఇస్తారు. పదకొండు నిమిషాలవాడికి ఇస్తారా, నాలుగు నిమిషాలదానికి ఇస్తారా, సార్‌కి తెలియదా?

టార్చిలో బ్యాటరీలు అయిపోయి చాలా రోజులైంది. స్టోర్లో అడగాలి.

మే 3, శనివారం

నారాయణరావుపేట నుంచి వచ్చిన ఒకాయన సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని కొలంబస్ ఎక్కాడు. మూడో ఊపుకి సంచిలోంచి నాటుకోడి లేచింది. కోడి తప్ప అందరూ అరిచారు. దిగాక ఆయన కోడిని అటూ ఇటూ తడిమి, "రేపో మాపో గుడ్డు వెట్టేది. ఇగ పెడ్తదో లేదో" అని నా వంక చూశాడు, దానికి టికెట్ నేనే కొన్నట్టు.

పువ్వులు రెండు చోట్ల. ఈకలు లెక్కలేనన్ని. ఆరు నిమిషాలు పట్టింది. ఈకలు ఏరిన సమయం లెక్కలోకి రాదని సార్‌తో వాదించి గెలిచాను.

మే 4, ఆదివారం

ఇవాళ ఏం జరిగిందో వరసగా రాసుకుంటాను. రాసుకుంటే మనసు నిమ్మళిస్తుంది.

మధ్యాహ్నం ఎండ మాడిపోతోంది. ఈ జనం మామిడి రసం తాగి, దాని మీద మిర్చి బజ్జీ తిని, మూతి తుడుచుకుంటూ నేరుగా నా పడవ ఎక్కుతారు. నాలుగింటికి ఒక పెళ్ళివారు వచ్చారు. బట్టలు కొనడానికి సిద్దిపేట వచ్చి, పిల్లలు గోల చేస్తే పార్కుకి తీసుకొచ్చారట. వాళ్ళతో కొండవ్వ అని ఒక పెద్దామె. డెబ్బై దాటే ఉంటాయి.

"అవ్వా, గిది వద్దు. గాడ తిరిగే కప్పులున్నయ్, గండ్ల కూసో" అన్నాను.

"కప్పుల కూసునేతందుకు నేనేమన్న చాయ్‌నా? జరుగు."

"బీపీ ఉన్నోళ్ళు ఎక్కొద్దని బోర్డున్నది."

"నాకు లేదు, మా కోడలికున్నది. దాన్ని ఎక్కనియ్యకు" అని, పోయి పోయి చివరి వరుసలో కూర్చుంది. అన్నిటికంటే ఎత్తుకు లేచేది అదే.

అయిదో ఊపుకి పువ్వులు. ఆమెవే. పడవ ఆపాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు తిరుగుతున్నా మనవడి భుజం పట్టుకుని దర్జాగా దిగింది. నేను పొట్టు చల్లాను, ఎత్తాను, కడిగాను, రాశాను. మళ్ళీ నాలుగు నిమిషాలే.

ఇరవై నిమిషాలకు ఆ మనవడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నీడలో కూర్చుని నిమ్మకాయ నీళ్ళు తాగబోతే అప్పుడు తెలిసిందట. ఆమె కట్టుడు పళ్ళు లేవు.

పడవంతా వెతికాం. నవీన్ పడవ కిందికి దూరి మరీ వెతికాడు. లేవు. కొండవ్వ వచ్చి ఆఫీసులో సార్ కుర్చీలోనే కూర్చుంది. కొంగు నోటి మీది నుంచి తీయదు. "శుక్రారం మా మనుమని పెండ్లి. పిల్ల నాయినమ్మకు డెబ్బై అయిదేండ్లంట, అన్నీ సొంత పండ్లేనంట. ఆమె ముంగట నేను నోరు మూసుకోని కూసోవాల్నా? నా పండ్లు నాకియ్యిర్రి, పోత."

సార్ పుస్తకం తెరిచాడు. సంతకం చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు జూసినవ్ గద, సింధూజా?"

"చూసిన సార్. ఏం లేకుండె."

అప్పుడు దుర్గవ్వను పిలిపించాడు. పడవలో లేకపోతే సంచి కట్టేచోటే పోయి ఉండాలి అని. దుర్గవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా నోట్ల ముప్పయ్ రెండు సక్కగున్నయ్ సార్. ఆమెవి దీస్కపోయి నేనేడ వెట్టుకోవాలె?"

అందరం నవ్వాం. కొండవ్వ కూడా కొంగు వెనక నవ్వింది. సార్ మాత్రం నవ్వలేదు.

సంచులు విప్పి చూద్దామనుకునేలోపే గాలివాన. పంపు షెడ్డు వెనక దుర్గవ్వ పేర్చిన సంచుల కుప్ప కూలి అంతా కలగాపులగం అయింది.

మే 5, సోమవారం

పళ్ళు దొరికేదాకా దుర్గవ్వను పనికి రావద్దన్నాడు సార్. కొండవ్వ కొడుకు పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసి, పార్కు పేరు వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెడతానన్నాడట. ఎవరో ఒకరి మీద చర్య తీసుకున్నట్టు కనబడాలి కదా. దొరక్కపోతే ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకుంటాడట.

దుర్గవ్వ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. ఆరేళ్ళుగా ఇక్కడ చేస్తోంది, పార్కు గేటు పెట్టినప్పటి నుంచి. ఆ గేటు దగ్గర నన్ను ఆపింది.

"బిడ్డా, నువ్వు జూసినవా?"

"చూసిన దుర్గవ్వా."

"అయితె సరే" అని ఆటో ఎక్కింది.

మే 5, మళ్ళీ

చూశాను. పడవ మీదికి వంగాను కదా, వంగితే కనబడదా? పొట్టు చల్లే ముందే చూశాను. లేకపోతే చల్లుతూ చూశాను. రెండూ ఒకటే.

మే 6, మంగళవారం

సంచులన్నీ విప్పి వెతకమన్నాడు సార్, నన్నూ నవీన్‌నూ. ముప్పై ఎనిమిది సంచులు. ఎరువుకని తీసుకుపోయే ట్రాక్టరాయన మార్చి నుంచి రాలేదు. పైన ఉన్నవాటి అట్టలు వానకి నాని ముద్దయ్యాయి. ఏది ఆదివారం సంచో, ఏది అంతకు ముందుదో తెలియదు. చున్నీ మూతికి చుట్టుకుని, ముక్కు కింద జండూబామ్ రాసుకుని కూర్చున్నాం. ఆ వాసన గురించి రాయను. ఈ డైరీని దిండు కింద పెట్టుకుని పడుకోవాలి నేను.

తొమ్మిదో సంచిలో చేతికి గట్టిగా తగిలింది. పళ్ళు! "దొరికినయ్!" అని నేను పెట్టిన కేక జెయింట్ వీల్ మీదున్నవాళ్ళకి కూడా వినబడిందట. వేడినీళ్ళలో మూడుసార్లు కడిగాను, బ్రష్షుతో తోమాను. కొండవ్వ గంటలో ఆటోలో దిగింది. ఆఫీసులో, అందరి ముందూ, పళ్ళు నోట్లో పెట్టుకుంది. అటు కదిపింది, ఇటు కదిపింది. తీసి బల్ల మీద పెట్టింది.

"గివి నావి గావు. ఎవలియో, పెద్ద నోరున్నోళ్ళయి."

సార్ పళ్ళను చూశాడు. నవీన్ నన్ను చూశాడు.

"మరి ఎవలియి? ఏ సంచిల దొరికినయ్?" అన్నాడు సార్.

"అట్ట లేదు సార్. వానకు కొట్టుకపోయినట్టుంది."

అట్ట ఉంది. కుప్ప అడుగున ఉన్న సంచి కాబట్టి తడవలేదు. అది ఇప్పుడు ఈ పేజీలోనే ఉంది. మార్చి 16, కొలంబస్, 5 నిమిషాలు, సింధూజ. ఆ రోజు పుస్తకం కూడా వెళ్ళి తీసి చూశాను. నా అక్షరాలే, గుండ్రంగా, ముచ్చటగా: చూశాను, వస్తువులేమీ లేవు.

మే 7, బుధవారం

ఇవాళ ఇరవై మూడో సంచిలో కొండవ్వ పళ్ళు నాకే దొరికాయి. ఆమె పెట్టుకుని, పల్లీలు తెప్పించుకుని, పటపటా నమిలి చూసింది. "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అని నా తల నిమిరింది. సార్ అందరి చేతా చప్పట్లు కొట్టించి, నన్ను రైడ్ ఇన్‌ఛార్జి అని ప్రకటించాడు. నీలం టోపీ ఇచ్చాడు. ఫోటో తీశారు.

దుర్గవ్వ సంగతి నేను అడిగాను. అడగలేదని ఎవరూ అనలేరు.

"కంటికి కనవడకుంటె నువ్వేం జేస్తవ్?" అన్నాడు సార్. "మూతి కట్టేటప్పుడు చేతికి తగలాలె గద! ఆమెదే తప్పు. ఎల్లుండి నుంచి కొత్తామె వస్తది."

నేను ఏదో చెప్దామనుకున్నాను. అంతలో ఫోటోకి పిలిచారు.

టోపీ కొంచెం వదులు. పిన్ను పెట్టుకుంటే సరిపోతుంది.

మే 8, గురువారం

పొద్దున్నే పువ్వులు పడ్డాయి. అయిదో తరగతి పిల్ల, ముందు వరుస. నవీన్ కప్పుల దగ్గర ఉన్నాడు. దుర్గవ్వ లేదు. నేనొక్కదాన్నే. ఇన్‌ఛార్జిని కదా, కాగితంలో ఉన్నట్టే చేద్దామనుకున్నాను. స్టోర్లోంచి కొత్త బ్యాటరీలు తెచ్చుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, పుల్లతో ఒక్కో చోటా కదిపి చూశాను. సీటు సందులో పిల్ల చెవికమ్మ దొరికింది. చల్లాను, ఎత్తాను, కడిగాను. గడియారం చూశాను.

పదకొండు నిమిషాలు.

చూస్తే పదకొండు పడుతుంది. నాలుగు నిమిషాల్లో చూడటం ఎవరి వల్లా కాదు, మా ముత్తాత దిగివచ్చినా కాదు. ఇన్నాళ్ళూ ఆ బోర్డు మీద నా మోసమే రాసి పెట్టి ఉంది, నేనే దాన్ని చూసి మురిసిపోయాను. నాకు తెలియకుండా చేశానా? తెలిసే చేశాను. గేటు దగ్గర దుర్గవ్వ అడిగినప్పుడు కూడా తెలుసు. ఇదిగో, రాసేశాను.

ఆఫీసుకి వెళ్ళి బల్ల మీద టోపీ పెట్టాను, మార్చి అట్ట పెట్టాను.

"సార్, నేను చూడలే. మొన్న ఒక్కనాడే గాదు. పుల్ల వట్టుకొని ఎన్నడు చూడలే. దుర్గవ్వది ఏం తప్పు లేదు."

సార్ అట్ట చదివాడు. ఇంకోసారి చదివాడు. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను, ఏ తిట్టుకి ఏం జవాబు చెప్పాలో కూడా దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆయన "సరే" అన్నాడు. లేచి బయటికి వెళ్ళి బోర్డు మీద నా పేరు తుడిచేశాడు. మొత్తం బోర్డే తుడిచేశాడు. "పోయి ఆమెను నువ్వే తోల్కరా" అన్నాడు, అంతే.

దుర్గవ్వ ఇల్లు పాత బస్టాండు వెనక. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే చెప్పాను అంతా. ఆమె గింజలు తీస్తూనే ఉంది.

"రేపు పొద్దుగాల ఏడు గంటలకేనా?"

"ఆఁ."

"సరే, పో."

"జర తిట్టు దుర్గవ్వా."

"ఈ చింతపండు పనే నాకు ఒడుస్తలేదు. నిన్ను తిట్టుకుంట యాడ గూసుందు?" అంది. నా ముఖం వైపు మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. తలనొప్పి అని చెప్పాను అమ్మకి. తలనొప్పి కాదు, సిగ్గు.

మే 9, శుక్రవారం

నవీన్ రైడ్ ఇన్‌ఛార్జి. టోపీ వాడికి సరిగ్గా సరిపోయింది. కడుపుమంటగా ఉంది, దాచుకోను.

కొండవ్వ మనవడు పెళ్ళి వీడియో పంపాడు. ఏ మూల చూసినా ఆమె నవ్వే.

దుర్గవ్వ పనికి వచ్చింది. సంచి మూతి కట్టింది. నాతో మాట్లాడలేదు.

మే 10, శనివారం

కొండవ్వవి కాని ఆ పళ్ళు సార్ బల్ల మీద గాజు గ్లాసులో ఉన్నాయి. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ నా వైపే ఉంటాయి. గ్లాసు తిప్పి పెట్టినా లాభం లేదు.

ఎవరో ఒకాయనవో ఒకామెవో, రెండు నెలలుగా నోట్లో లేవు. వచ్చి అడగలేదు. ఎందుకు అడగలేదు?

మార్చి 16 బుకింగులు తీశాను. స్కూలు పిల్లల గుంపులు రెండు, జగదేవ్‌పూర్ పెన్షనర్ల గుంపు ఒకటి, ఇరవై రెండు మంది. ఆ గుంపు పెద్దాయనకి ఫోన్ చేశాను. మా వాళ్ళలో ఎవరి పళ్ళూ పోలేదమ్మా అన్నాడు. పెట్టేయబోతుంటే తోచింది.

"సార్, గా దినం సంది మీల ఎవలన్న మాట్లాడుడు బంద్ వెట్టిన్రా?"

ఆయన గొంతు తగ్గించాడు. "మా యాదగిరి సారు... ఫోన్ జేస్తె ఎత్తడు, మెసేజ్ వెడ్తడు. ముప్పయ్ ఏండ్లు డ్రిల్ మాస్టర్ జేసినోడు, ఊరవతలికి వినవడే గొంతు. ఏం రోగమో ఏమో అనుకుంటున్నం."

మే 12, సోమవారం

సెలవు పెట్టాను. గజ్వేల్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. పళ్ళు స్టీలు డబ్బాలో, డబ్బా నా ఒళ్ళో.

యాదగిరి సారు భార్య రాధమ్మ గారు తలుపు తీసింది. పార్కు నుంచి వచ్చానని మాత్రమే చెప్పాను. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "సారు మాట్లాడరమ్మా. చిగుర్లు వాసినయంట, నోరు ఇప్పద్దని డాక్టరు చెప్పిండంట. అంబలి, పాలు, పిసికిన మెత్తటి అన్నం. రెండు నెలలాయె. ఏ డాక్టరంటె చెప్పరు" అంది.

ఆమె వెనక లోపలి గది గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, నిటారుగా, నోటికి రుమాలు కట్టుకుని. నా చేతిలో డబ్బా చూశాడు. పార్కు అన్న మాట విన్నాడు. రెండు చేతులూ ఊపుతూ, వద్దు, పో, పో అని సైగలు మొదలుపెట్టాడు. నాకు అర్థమయ్యేసరికి మూత తీసేశాను.

రాధమ్మ గారు డబ్బాలోకి తొంగి చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"కొలంబస్ ఎక్కిన్రా? నేను ఎక్కద్దంటే, ఎక్కనని ఒట్టు వెట్టలే?"

ఆయన గబగబా వచ్చి డబ్బా లాక్కుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. నల్లా శబ్దం చాలాసేపు వినబడింది. బయటికి వచ్చినప్పుడు రుమాలు లేదు. ముఖమే మారిపోయింది, బుగ్గలు నిండాయి. నేను లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. చూడకుండానే చూశానని రాశానని, ఒక్కసారి కాదని, ఆ తప్పు ఇంకొకరి మీదికి పోతే మూడు రోజులు ఊరుకున్నానని. ఆఖరి ముక్క ఆయన అడగలేదు, నేనే చెప్పాను.

"నిలవడు" అన్నాడు. నిలబడే ఉన్నాను. "సక్కగ నిలవడు! చేతులు కిందికి!"

నిలబడ్డాను.

"సంతకమంటె ఏందనుకున్నవ్? ముగ్గా, ఇష్టమొచ్చినట్టు ఏసేతందుకు? యాభై ఏడు దినాలు! యాభై ఏడు దినాలు అంబలి తాగిన. ఇంట్ల కొత్త మామిడికాయ తొక్కు వెట్టిన్రు. వాసన సూసి తినకుంట లేషిన. నా మనుమరాలు ఫోన్ల తాతా, తాతా అని పిలుస్తె పెదివి ఇప్పలే. ఉన్నడా లేడా అని ఆ పసిపిల్ల ఏడ్షింది. నీ అయిదు నిమిషాలకు ఎన్ని దినాలు వోయినయో లెక్కగట్టు!"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. పావుగంట తిట్టాడు. ఒక్క అక్షరం కూడా నోట్లో జారలేదు, ఒక్కో మాటా గంట కొట్టినట్టు వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, తుడుచుకోలేదు, చేతులు కిందికే ఉంచాను. దుర్గవ్వ తిట్టకుండా నా మీద వదిలేసిన బరువేదో ఆయన ఒక్కో తిట్టుకీ కొంచెం కొంచెంగా దిగిపోయింది. ఇంకా తిట్టండి సార్ అందామనుకున్నాను, కానీ ఆయనకి చెప్పనక్కర్లేదు.

ఆఖరికి ఆయన దమ్ము తీసుకోవడానికి ఆగాడు. రాధమ్మ గారు నా చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. కొంగుతో నా ముఖం తుడిచింది. మజ్జిగ గ్లాసు మళ్ళీ నింపి నా చేతిలో పెట్టింది. అప్పుడు మొగుడి వైపు చూసింది.

"మీదైందా సారూ? ఇగ ఆ పిల్ల నిలవడ్డ కాడ మీరు నిలవడుర్రి."

ఆయన నా వైపు ఒకసారి చూసి, వచ్చి నిలబడ్డాడు. చేతులు కిందికి.